చింతపండుతో తోమిన చరఖ్

నాకు ఎనిమిదేళ్లప్పుడు, సంక్రాంతికి మా గల్లీలో పిల్లలందరి చేతుల్లో చరఖ్‌లు ఉన్నాయి. నాకు మాత్రం మాంజా చుట్టుకోవడానికి ఖాళీ పాలడబ్బా ఒకటి ఇచ్చారు ఇంట్లో. పాలడబ్బా పట్టుకుని పతంగ్ ఎగరేసేవాడికి సీతాఫల్‌మండిలో ఏం ఇజ్జత్ ఉంటుంది? అందుకని ఎవరూ చూడకుండా అటకెక్కి వెతికాను. పాత ట్రంకుపెట్టె వెనకాల ఒక గుడ్డసంచిలో గుండ్రటి కర్ర చక్రం దొరికింది. ముదురు గోధుమరంగు చెక్క, నా రెండు అరచేతులంత, ముందు రెండు చిన్న పిడులు, వెనకాల ఇత్తడి పట్టీలు నక్షత్రంలా బిగించి ఉన్నాయి. పిడి పట్టుకుని ఒక్కసారి తిప్పి వదిలితే ఆగదే! తిరుగుతూనే ఉంది. ఇంత మంచి చరఖ్ ధూల్‌పేటలో కూడా దొరకదనుకున్నాను.

ఆ పూట సాయంత్రం దాకా నేనే నవాబును.

బాపు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. డ్యూటీ దిగి వచ్చి, సైకిల్ గోడకు ఆనించి, తలెత్తి డాబా మీద నా చేతిలో ఉన్నదాన్ని చూశాడు. పైకొచ్చాడు. దెబ్బ పడుతుందని భుజాలు ముడుచుకుని నిలబడ్డాను. కొట్టలేదు. మాంజా అంతా నిదానంగా విప్పి కింద పెట్టి, చెక్క అంచును బొటనవేలి గోటితో తడిమాడు. గాజుపొడి పూసిన దారం కదా, అంచు మీద మూడు సన్నటి గాట్లు పెట్టింది. "గిది పతంగులది కాదురా, చాపలది" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

అసలు ఆ చక్రం మాది కాదు. మా వెనక గల్లీలో బట్టలు కుట్టే చాచా ఇచ్చింది. చాచా వాళ్ల అబ్బా తిరుమలగిరిలో ఒక తెల్లదొర బంగ్లాలో ఖాన్సామాగా చేసేవాడట. 1947లో దొర మూటాముల్లె సర్దుకుని పోతూ, ఓడలో ఎక్కించడం దండగ అనుకున్నవన్నీ నౌకర్లకు పంచిపెట్టాడు. ఒకరికి కుర్చీ, ఒకరికి పింగాణీ కప్పులు. చాచా వాళ్ల అబ్బా వంతుకు గాలం కట్టె, చక్రం వచ్చాయి. చాచాకు కళ్లు మసకబారాక, నువ్వు మిషన్ల మనిషివి, నీ దగ్గరుంటేనే ఇది బతుకుతదని బాపు చేతిలో పెట్టాడు. ఆ తర్వాత కూడా చెరువు మీదికి ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. చాచాకు అది కూడా చరఖే. "పతంగ్ కా చరఖ్ ఊపర్ దేఖ్తా, యే చరఖ్ నీచే దేఖ్తా" అనేవాడు. అది పైకి చూస్తుంది, ఇది కిందికి చూస్తుంది, తేడా అంతే అని.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, దాన్ని నాటింగ్‌హామ్ రీల్ అంటారని. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ లేసు అల్లికలకు పేరుపడ్డ ఊరు. దారపు కండెలతో బతికిన ఊరు కాబట్టి గాలం దారానికి కూడా కండెలాంటిదే చేసుకున్నారు. పక్కనే ట్రెంట్ నది. బెండు కట్టిన గాలాన్ని నీటివాలుకు వదిలితే, ప్రవాహం లాగిన కొద్దీ చక్రం తనంతట తాను తిరిగి దారం వదలాలి. అందుకే అంత తేలిగ్గా తిరుగుతుంది అది. అక్రోట్ చెక్కతోనో మహోగనీతోనో చేసేవాళ్లు. చెక్క తడిస్తే వంకరపోతుంది కదా, అలా పోకుండా వెనకాల ఇత్తడి పట్టీలు వేశారు. నేను అందం కోసం అనుకున్న నక్షత్రం నిజానికి నడుముకు కట్టిన పట్టీ అన్నమాట.

ఆ పట్టీ కూడా మా వానలను ఆపలేకపోయింది. అది నేను కళ్లారా చూశాను.

పతంగ్ గొడవ జరిగిన ఏడాదే, వానాకాలంలో, బాపు నన్ను మొదటిసారి సఫిల్‌గూడ చెరువుకు తీసుకుపోయాడు. సైకిల్ ముందు రాడ్డు మీద నేను, వెనక క్యారియర్ మీద చాచా, ఆయన చేతిలో జెండాకర్రలా నిలబెట్టి పట్టుకున్న గాలం కట్టె. ఎర తయారీ అంతా చాచాదే. గోధుమపిండిలో బెల్లం, పల్లిచెక్క పొడి, చిటికెడు ఇంగువ కలిపి, చపాతీ పిండి కన్నా గట్టిగా పిసికి, తడిగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. ఇంగువ వాసనకు బొచ్చెలు వస్తాయని ఆయన నమ్మకం. బెండుకు నెమలి ఈక ఈనె. ఈకలోని పచ్చా నీలం అంతా దువ్వి తీసేస్తే మిగిలే తెల్లటి పుల్ల ఉంటుందే, అది. జీలుగు బెండు కన్నా సన్నగా నిలబడుతుంది, చేప ఎరను ముట్టుకున్నా చాలు తల ఊపుతుంది. ఇంగ్లండులో కూడా గాలం వేసేవాళ్లకు ఇదే ఇష్టమని తర్వాత చదివి, చాచా లేకపోయాడే చెప్పడానికి అనుకున్నాను.

పొద్దున పదింటికి వాన మొదలైంది. పెద్దదేం కాదు, సన్నటి తుంపర. చాచా తలమీద సంచి కప్పుకున్నాడు, బాపు చక్రం మీద తన చెయ్యి కప్పాడు. ఈనె రెండుసార్లు ఊగి పక్కకు పడుకుంది, తర్వాత మాయమైంది. బాపు కట్టె ఎత్తగానే అది విల్లులా వంగింది. చేప చెరువు మధ్యకు పరుగు తీసింది. చక్రం గిర్రున తిరిగింది, పిడులు బాపు వేళ్లకు టపటపా కొట్టాయి, ఆయన నవ్వుతున్నాడు. ఉన్నట్టుండి చక్రం పట్టేసింది. తడిసిన చెక్క ఉబ్బి వెనక పలకకు ఒరుసుకుంటోంది. బాపు పిడి తిప్పబోయాడు, కదల్లేదు. "ఛోడో, ఛోడో!" అని చాచా అరుస్తున్నాడు. వదలడానికి అది తిరిగితేగా? టప్‌మని శబ్దం వచ్చి కట్టె నిటారుగా లేచింది.

ఎవరం మాట్లాడలేదు. చాచా మాత్రం కాసేపటికి, అది బొచ్చె కాదు, తాబేలు అయ్యుంటుందన్నాడు. బాపును ఓదార్చడానికని నాకే అర్థమైంది.

ఆ తర్వాత వానాకాలం మొత్తం బాపు ఆ చెక్కకు కొవ్వొత్తి రుద్దేవాడు. మధ్య ఇరుసుకు మాత్రం చాచా కుట్టుమిషన్ నూనె, ఒకే ఒక్క చుక్క, అగ్గిపుల్ల మొనతో. నా మాంజా గాట్లలోకి కూడా మైనం ఎక్కి అవి తెల్లటి గీతల్లా కనిపించేవి.

ఎండాకాలం సెలవుల్లో అఫ్జల్‌గంజ్ పోయి బస్సెక్కి హిమాయత్‌సాగర్ దాకా పోయేవాళ్లం. 1908లో మూసీ పొంగి ఊరు కొట్టుకుపోయాక కట్టిన రెండు చెరువుల్లో అది రెండోది, 1927లో పూర్తయింది. గండిపేట దానికన్నా ఏడేళ్లు ముందు. ఇక హుస్సేన్‌సాగర్ సంగతి సరేసరి, 1562 నాటిది. హైదరాబాద్‌కు సముద్రం లేదు, గాలం వేసేంత నది కూడా లేదు, ఉన్నవన్నీ చెరువులే. చెరువుల్లో గాలం వేయడం గురించే 1887లో మద్రాసు సివిల్ సర్వీసు దొర ఒకాయన, హెచ్.ఎస్. థామస్, ఏకంగా ఒక పుస్తకం రాశాడు. దండులో ఉండే దొరలకు ఆదివారం పూట ఇంకేం పని ఉండేది? అలా వాళ్ల సామాను ఇంగ్లండు నుంచి సికింద్రాబాద్ చేరింది. వాళ్లు పోయాక హర్రాజుల్లో, నౌకర్ల ఇళ్లల్లో, చివరికి తుక్కు దుకాణాల్లో తేలింది.

చాచా నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. బాపు ఆ తర్వాత చెరువు ముఖం చూడలేదు. ఒక్కడే పోతే ఎర ఎవరు కలుపుతారని అనేవాడు. గాలం కట్టె అటక మీదే ఉండిపోయింది. ముక్కలు ముక్కలుగా చీల్చి, ఆరు పలకలుగా అతికించిన వెదురు కట్టె అది. అలాంటి వెదురు చైనా నుంచి ఇంగ్లండు పోయి, అక్కడ కట్టెగా మారి వచ్చేది. ఒక వేసవిలో సున్నం వేయిద్దామని సామాను దించితే, సంచిలో మట్టి రాలింది. కట్టె పైకి బాగానే ఉంది, ముట్టుకుంటే పొడి. అంత దూరం తిరిగొచ్చినదాన్ని సీతాఫల్‌మండి చెదలు తినేశాయి.

చక్రాన్ని మాత్రం ముట్టుకోలేదు. బాపు రుద్దిన మైనం వల్లేనేమో.

నాకు ఈ పిచ్చి పట్టింది 1993లో. కొత్తగా ఉద్యోగం, చేతిలో మొదటి జీతం. ఒక గురువారం సెలవు దొరికి పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌కు పోయాను, సెకండ్‌హ్యాండ్ టేబుల్ ఫ్యాన్ కోసం. అక్కడ నేల మీద పరిచిన గోనెపట్టాల మీద దొరకనిది ఉండదు. తాళాలు లేని తాళంచెవులు, తాళంచెవులు లేని తాళాలు, స్టవ్ బర్నర్లు, కుట్టుమిషన్ తలకాయలు. ఒక కుప్పలో ఇత్తడి నల్లాల మధ్య నల్లగా, గుండ్రంగా ఏదో కనిపించింది. తీసి పిడి తిప్పాను.

కిర్ర్‌ర్‌ర్.

ఆ శబ్దం మా కర్ర చక్రానికి లేదు. లోపల పళ్ల చక్రం, దాని పళ్లలోకి దిగే చిన్న నాలుక, నాలుకను వెనక నుంచి నొక్కే స్ప్రింగు. చేప దారం లాగుతుంటే అది అరుస్తుంది, దారం అదుపు తప్పి చిక్కుపడకుండా కాస్త బిగువు ఇస్తుంది. ఇవన్నీ అప్పుడు నాకు తెలియవు. బజారు మధ్యలో నిలబడి పదిసార్లు తిప్పి ఉంటాను. నా ముఖం చూసే ధర పెంచాడు దుకాణం ఆయన. తరాజులో వేసి, ఇత్తడి తూకం ఇంత అవుతుంది, పైన ఇంకో వంద అన్నాడు. చివరికి నూట అరవైకి ఇచ్చాడు. టేబుల్ ఫ్యాన్ లేకుండానే ఇంటికొచ్చాను.

ఇంట్లో తడిగుడ్డతో తుడిస్తే ముఖం మీద సన్నటి గుర్తు బయటపడింది. గాలం కట్టె పట్టుకున్న ఒక చెయ్యి. దాని చుట్టూ అక్షరాలు. హార్డీ బ్రదర్స్, ఆనిక్. ఇంగ్లండు ఉత్తరాన చిన్న ఊళ్లో 1872లో తుపాకుల దుకాణంగా మొదలైన అన్నదమ్ముల కంపెనీ అది. నా చేతిలో ఉన్నది వాళ్ల పర్ఫెక్ట్ అనే రీల్. 1891లో మొదలైంది, చక్రం తేలిగ్గా తిరగడానికి లోపల బాల్ బేరింగ్ పెట్టారు. ఆ రోజుల్లో సైకిళ్లకు బేరింగులు వస్తున్న కాలం, ఆ తెలివే గాలానికి వాడారు. నేను కొన్నది ఏ ఏడాది చేశారో అప్పుడు తెలుసుకునే దారి లేదు. పాతది, చాలా పాతది అని మాత్రం అర్థమైంది. కిటికీ గూట్లో పెట్టి మర్నాడు ఆఫీసుకు పోయాను.

సాయంత్రం వచ్చేసరికి గూట్లో సూర్యుడున్నాడు.

అమ్మ ఆ రోజు దేవుడి సామాను తోముతూ, పనిలో పనిగా దీన్నీ తోమేసింది. నానబెట్టిన చింతపండు, కాస్త ఉప్పు, ఆఖరున ఇటుకపొడి. నల్లదనమంతా పోయి బంగారంలా మెరుస్తోంది. "గింత మసి పట్టిన దాన్ని కొనుక్కస్తే వాడెవడో నిన్ను మోసం చేసిండనుకున్నరా. చూడు, అసలు ఇత్తడే" అంది, నా తరఫున గెలిచినట్టు. నాకూ సంతోషమే వేసింది. నిజం చెప్తున్నాను, ఆ రోజు ఇద్దరం కలిసి మురిసిపోయాం.

ఆ నలుపు మసి కాదని తెలిసింది పదేళ్లకు, ఇంట్లో ఇంటర్నెట్ వచ్చాక. మెరుపు చూసి చేపలు బెదరకూడదని ఫ్యాక్టరీలోనే ఇత్తడికి ముదురు కంచు రంగు పూత ఎక్కించేవాళ్లు. సేకరించేవాళ్లకు ఆ పూత ప్రాణం. ఎంత మిగిలి ఉంటే అంత ధర, అంత గౌరవం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, ఇత్తడి మీద పట్టినదాన్ని కరిగించి పారేస్తుంది. మన అమ్మమ్మల కాలం నుంచీ బిందెలు మెరిసిన రహస్యం అదే. వందేళ్లు వానలకు, చెరువులకు, దొరల చేతి చెమటకు తట్టుకున్న పూత మా అమ్మ చేతిలో పావుగంట నిలవలేదు. ఫొటో పంపితే విదేశంలో ఉన్న ఒక పెద్దాయన ఒక్క వాక్యం రాశాడు, ఎవరు చేశారీ పని అని. మా అమ్మ అని జవాబు ఎలా రాయాలి? రాయలేదు.

బాపు కథ ఇంకోటి. మెరుస్తున్న రీల్‌ను చూడగానే ఆయన చేతులు ఊరుకోలేదు. లోపల ఏముందో చూద్దామని మంచం మీద కూర్చుని స్క్రూ విప్పాడు. వర్క్‌షాపులో రైలు పెట్టెల కింద పడుకుని పనిచేసిన మనిషి, అరచేతిలో పట్టే వస్తువు ఆయనకొక లెక్కా? ముఖం పలక అలా ఎత్తాడో లేదో, లోపలి ఛర్రలు, అదే బేరింగు గుండ్లు, జలజలా రాలాయి. పాతకాలం పర్ఫెక్ట్‌లలో అవి గాడిలో ఊరికే కూర్చుని ఉంటాయి, పట్టి ఉంచేదేమీ ఉండదు. నాపరాళ్ల నేల మీద దొర్లుకుంటూ తలా ఒక దిక్కు పోయాయి. అమ్మ చీపురు, నేను టార్చి, బాపు బోర్లా పడుకుని మంచం కింద. గంటసేపు వెతికితే ఒకటి తప్ప అన్నీ దొరికాయి. ఆ ఒక్కటీ ఇప్పటికీ దొరకలేదు.

మర్నాడు బాపు ఒక ఛర్రను కాగితంలో పొట్లం కట్టుకుని వారాసిగూడ చౌరస్తాలో సైకిల్ షాపుకు పోయాడు. ఫ్రీవీల్‌లో వేసే సన్న ఛర్ర తీసి పక్కన పెట్టి చూశారు. వేళ్ల మధ్య దొర్లించి చూశారు. సరిపోయింది. షాపాయన డబ్బులు కూడా తీసుకోలేదు. అలా ఆ దొరల రీల్ లోపల ఒక్క ఛర్ర వారాసిగూడ సైకిల్‌ది. ఏదని అడిగితే నాక్కూడా తెలియదు.

ఆ తర్వాత పాతికేళ్లలో ఇంకో ముప్పై దాకా పోగుపడ్డాయి. అన్నీ చెప్పుకుంటూ పోతే మీరు లేచిపోతారు. ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ చక్రాలు చేసిన వాళ్లలో చేపలవాళ్లు తక్కువ, గడియారాలవాళ్లు ఎక్కువ. ఎర్రగా మెరిసే అంబాసడర్ రీల్ ఒకటి నా దగ్గరుంది, దుబాయ్‌లో పనిచేసి తిరిగొచ్చిన ఒకాయన అమ్మింది. దాన్ని చేసిన స్వీడన్ కంపెనీ అబు 1921లో గడియారాలతో మొదలుపెట్టి టాక్సీ మీటర్లకు మారింది. యుద్ధం రోజుల్లో మీటర్లకు గిరాకీ పడిపోతే రీళ్లు పట్టుకుంది. ఫ్రాన్సు మిచెల్ రీళ్లు క్లూజ్ అనే ఊరివి, అదీ గడియారాల ఊరే. పిడి ఒక్కసారి తిప్పితే చక్రం నాలుగుసార్లు తిరిగే పద్ధతిని 1800ల మొదట్లో అమెరికాలో కెంటకీలో పేరుకు తెచ్చినాయన జార్జ్ స్నైడర్, ఆయన వృత్తి కూడా గడియారాలే. ఇప్పుడు అందరూ వాడే రకం, చక్రం కదలకుండా ఉండి దారం దాని అంచు మీదుగా జారిపోయేది, దానికి 1905లో పేటెంటు తీసుకున్న ఇల్లింగ్‌వర్త్‌ది బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లు. మళ్లీ దారపు కండెలే.

ఇదంతా నాకు పుస్తకంలో కన్నా ముందు పత్తర్‌గట్టీలో తెలిసింది. ఒక రీల్‌లో నాలుక స్ప్రింగు విరిగితే ఎక్కడా దొరక్క, గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికి పట్టుకుపోయాను. కంటికి భూతద్దం బిగించుకుని లోపలికి చూసి, "యే భీ ఘడీచ్ హై మియా, సిర్ఫ్ టైం నహీ బతాతీ" అన్నాడు. ఇదీ గడియారమే, టైం చెప్పదంతే. పాత అలారం గడియారం స్ప్రింగులోంచి పిసరంత ముక్క కత్తిరించి, దీపం మీద కాల్చి, వంచి, పెట్టాడు. శబ్దం వచ్చింది కానీ ఆయనకు నచ్చలేదు. మళ్లీ తీసి ఇంకాస్త వంచాడు. మూడోసారికి తలూపాడు. నేనైతే మొదటిదానికే డబ్బులిచ్చి వచ్చేసేవాణ్ణి.

మోసపోయిందీ ఉంది. పాత ఇత్తడి సామాన్ల దుకాణం ఒకదాంట్లో, పేరెందుకులెండి, 1885 అని చెక్కిన రీల్ చూసి చెయ్యి వణికింది. అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను. రాత్రి దీపం కింద పెట్టి చూస్తే కడుపులో దేవినట్టయింది. నాలుగు స్క్రూలూ ప్లస్ గుర్తువి. ఆ రకం స్క్రూలు 1930లలో గానీ బయటికి రాలేదు. ఎంత పాతదనం పులిమినా స్క్రూ తల అబద్ధం చెప్పదు. అప్పటి నుంచి ఏది కొన్నా ముందు స్క్రూలు చూస్తాను, తర్వాతే పేరు. ఆ రీల్ ఇప్పుడు మా టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పనికొస్తోంది. బరువు మాత్రం అసలైనదే.

కొన్నిట్లో పాత దారం ఇంకా ఉంది. నైలాన్ 1938 తర్వాతి సంగతి, అంతకు ముందు పట్టుదారమే. చేపలు పట్టి ఇంటికొచ్చాక ఆ దారమంతా విప్పి ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది. పాత చక్రాలకు పక్కల్లో అన్ని చిల్లులు ఉండేది బరువు తగ్గడానికే కాదు, గాలి ఆడటానికి కూడా. ఒకదాంట్లో దారం కొస పట్టుకుని లాగితే తేనె రంగు పొడి రాలింది. దాన్ని అలాగే ఉంచాను. ఆఖరిసారి చుట్టినవాడు ఆరబెట్టడం మరిచిపోయాడేమో, లేక ఆ సాయంత్రమే సామాను సర్దుకోమని ఆర్డర్లు వచ్చాయేమో.

ఎబొనైట్ అనే నల్లటి గట్టి రబ్బరుతో చేసిన రీళ్లను ఎండ తగలనివ్వను, తగిలితే రంగు వెలిసి మట్టిరంగుకు తిరుగుతాయి. కొన్నవాటిని కడగను, తోమను. మెత్తటి టూత్‌బ్రష్, పొడిగుడ్డ, చుక్క నూనె. మా ఆవిడ ఇంట్లో వెండి గ్లాసులకు లేని మర్యాద వీటికి ఎందుకని అడుగుతుంది. జవాబు లేదు నా దగ్గర. చెరువుకు పోను, గాలం వేయను. సఫిల్‌గూడ చెరువు చుట్టూ ఇప్పుడు వాకింగ్ చేస్తారు, నేనూ చేస్తాను. బాపు నిలబడ్డ చోటు ఇదే అని ఒక చెట్టు దగ్గర ఆగుతాను. అది ఆ చెట్టు అవునో కాదో.

బాపు పోయి పన్నెండేళ్లు.

కిందటి దసరాకు ముందురోజు అమ్మ పీట వేసుకుని వెనక వాకిట్లో కూర్చుంది. డెబ్భై తొమ్మిది దాటాయి, మోకాళ్లు సహకరించవు, అయినా ఇత్తడి ఇంకొకరికి ఇవ్వదు. పక్కన స్టీలు గిన్నెలో చింతపండు నానుతోంది. ఆయుధపూజకు నా రీళ్లన్నిటికీ పసుపు కుంకుమ బొట్లు పెట్టడం ఆనవాయితీ అయింది. ఆ ఫొటో విదేశాల్లో పెద్దాయనకు పంపితే ఈసారి ఆ ఒక్క వాక్యం కూడా రాయడేమో. మిగతావాటి జోలికి రాకుండా అమ్మతో ఒప్పందం ఉంది. హార్డీ మాత్రం ఆవిడదే. ఎలాగూ పూత పోయింది, ఇక పోవడానికేం లేదు, పైగా ఏడాదికోసారి తోమకపోతే మచ్చలు పడి ఇంకా దరిద్రంగా కనిపిస్తుంది.

కర్ర చక్రాన్ని బాపు ఫొటో ముందు పెట్టి, హార్డీని తీసుకుపోయి అమ్మకు అందించాను. అందుకుని అలవాటుగా పిడి ఒకసారి తిప్పింది. కిర్ర్‌ర్‌మంది. వెంటనే చింతపండులో చెయ్యి పెట్టలేదు. నా వైపు తిరిగి తిరిగిచ్చేసింది.

"ముందు లోపటి ఛర్రలు తీసి లెక్కవెట్టి డబ్బిల వేసుకపోరా. మల్ల మంచాల కింద దేవులాడుడు నాతోని కాదు" అంది.